తరగతి గదిలో పితూరీ

మన్యం తిరుగుబాటు పాఠం వచ్చినప్పుడల్లా నేను పుస్తకం మూసి, నల్లబల్ల మీద ఒకే మాట రాస్తాను: పితూరీ. పిల్లలు నవ్వుతారు. వాళ్ళ లెక్కన పితూరీ అంటే పక్కవాడి మీద మాస్టారికి చాడీ చెప్పడం. తెల్లదొరల కాగితాల్లో అదే మాటకు తిరుగుబాటు అని అర్థం. ఆ పేరు ఎవరు ఎవరికి పెట్టారన్న ప్రశ్నతో పాఠం మొదలవుతుంది.

మామూలు పద్ధతి మనందరం ఎరిగినదే. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడులు. 1924 మే 7న సీతారామరాజు కాల్చివేత. తేదీలు బట్టీపడితే మార్కులు వస్తాయి. మిగతా పని 1974లో ఒక సినిమా, 2022లో మరో సినిమా చేసిపెట్టాయి. వీరుడు మిగిలాడు, మన్యం మాయమయింది.

నేను కొంచెం వెనక్కి పోతాను. 1879లో రంప జనం ఎందుకు లేచారు? ఇంటి వాడకానికి గీసుకునే కల్లు మీద కూడా చిగురుపన్ను పడింది గనుక. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి పోడుకు సంకెళ్ళు వేసింది. ఆ తర్వాత రోడ్డు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల్ని ఆ పనికి బలవంతాన తోలి, కూలి ఎగవేశాడు. ఇక్కడ తరగతిని రెండుగా చీలుస్తాను. సగంమంది కలెక్టరుకు తహసీల్దారు పంపే నివేదిక రాయాలి, సగంమంది కూలివాడి అర్జీ రాయాలి. నివేదిక రాసేవాళ్ళకు 'సోమరులు' అనే మాట ఎంత సులువుగా దొరుకుతుందో చూస్తే నాకు భయం వేస్తుంది. ఆ మాట వాళ్ళకు నేనైతే నేర్పలేదు.

మన మిత్రుల్లో కొందరికి ఇంకో తొందర ఉంది. గిరిజనులందరూ ఒక్క గొంతుతో లేచారని చెప్పి ముగించమంటారు. నాకిది ఒప్పుదల కాదు. ముఠాదారుకు పోయింది పాత పెత్తనం, పోడు కొట్టేవాడికి పోయింది తిండి. ఈ రెండు కోపాలూ ఒకే దళంలో ఎలా కలిశాయన్నదే అసలు చరిత్ర. గాం గంటందొర పోరులో చనిపోయాడు. తమ్ముడు మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఈ సంగతి చెప్పిన రోజు ఒక అమ్మాయి లేచి అడిగింది: "సార్, ఆయన ఢిల్లీ వెళ్ళాక పోడు భూములు వెనక్కి వచ్చాయా?"

1952 నుంచి 2006 అటవీ హక్కుల చట్టం దాకా ఆ ప్రశ్న వెంట నడవడానికి మాకు నాలుగు పీరియడ్లు పట్టింది. సిలబస్‌లో దానికి కేటాయించింది ఒక్కటే.