నల్లగొండ పేరు మోసిన విధానం: ఫ్లోరైడ్ పరిశోధన చరిత్రలో నాయకత్వ స్వరూపం

తాగునీటి శుద్ధికి సంబంధించిన అంతర్జాతీయ గ్రంథాలలో ఒక తెలుగు జిల్లా పేరు శాస్త్ర పరిభాషగా స్థిరపడింది. నీటిలోని అధిక ఫ్లోరైడును సున్నం, పటికలతో తొలగించే పద్ధతిని ‘నల్లగొండ విధానం’ అంటారు. ఒక ప్రాంతం తన బాధ మూలంగా శాస్త్ర చరిత్రకెక్కినప్పుడు ఆ చరిత్రలో నాయకులెవరు? రోగాన్ని గుర్తించిన వైద్యులా, నీటిని శుద్ధిచేసే దారి చూపిన ఇంజనీర్లా, ఆ జ్ఞానాన్ని ఆధారం చేసుకొని మంచినీటిని హక్కుగా అడిగిన ప్రజలా? ఈ ప్రశ్నను పరిశీలించడమే ఈ వ్యాసం లక్ష్యం.

నల్లగొండ మెట్టప్రాంతం ప్రధానంగా గ్రానైటు నేల. ఆ శిలలలో ఫ్లోరిన్ కలిగిన ఖనిజాలున్నాయి. వాన తక్కువ, ఎండ ఎక్కువ అయిన ఈ నేలలో రాతి పగుళ్ల మధ్య చాలాకాలం నిలిచిన నీటిలోకి ఆ ఖనిజాలనుండి ఫ్లోరైడు చేరుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. ఈ దోషానికి రంగు లేదు, వాసన లేదు. నీటిని కాచినా పోదు. కొంత నీరు ఆవిరై గాఢత పెరుగుతుంది. మొదట పిల్లల పళ్లకు గార పడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ వెన్ను బిగుసుకుపోతుంది, కీళ్లు వంగవు. కంటికి తేటగా కనిపించే నీరే కారణమని గ్రామస్థులకు తెలియడం కష్టం. అందువల్ల ఈ చరిత్రలో మొదటి మెట్టు కారణాన్ని గుర్తించడమే.

మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని హెచ్. ఇ. షార్ట్ బృందం 1937లో వివరించింది. నల్లగొండ విషయంలో ఆ పనిచేసినవారు ఎ. హెచ్. సిద్దిఖీ. నల్లగొండ జిల్లాలోని ఫ్లోరోసిస్‌పై ఆయన వ్యాసం 1955 డిసెంబరులో ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో వెలువడింది. ఎముకలు గట్టిపడడంతో ఆగక, వెన్నుపాముపై, నరాలపై ఒత్తిడి కలిగి అవయవాలు చచ్చుబడే దశను ఆయన నమోదు చేశారు. అదే నెల 10వ తేదీన, అదే జిల్లా అంచున, నాగార్జునసాగర్ ఆనకట్టకు జవాహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. రోగ నిర్ధారణ, నదీజలాల ఆశ ఒకే నెలలో మొదలైనా అవి కలిసి నడవలేదు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతాలు పచ్చబడ్డాయి. ఎత్తున ఉన్న మునుగోడు, మర్రిగూడ వైపు ఊళ్లకు ఆ కాలువ నీరు అందలేదు.

రెండవ దశ హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థది. కె. ఎ. వి. ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో ‘లాన్సెట్’ పత్రికలో ఒక కొత్త లక్షణాన్ని ప్రకటించారు. ఫ్లోరైడు పీడిత గ్రామాలలో ఎదిగే వయసు పిల్లలకు మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతున్నాయి. జొన్న ప్రధానాహారమైన పేద కుటుంబాలలో ఇది ఎక్కువగా కనిపించింది. జలాశయం వల్ల భూగర్భ జలమట్టం పెరిగి, నేలలోని సూక్ష్మమూలకాల సమతుల్యం మారి, జొన్నలో మాలిబ్డినం హెచ్చి, శరీరంలో రాగి లోపించి ఉండవచ్చునని ఆ సంస్థ పరిశోధకులు ప్రతిపాదించారు. ఈ ప్రతిపాదనతో ఫ్లోరోసిస్ కేవలం నీటి సమస్యగా మిగలలేదు. ఆహారానికి, పేదరికానికి, అభివృద్ధి పథకాల పర్యవసానాలకు సంబంధించిన సమస్య అయింది.

మూడవ దశ ఇంజనీర్లది. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థలో నవలాఖే, బులుసు మొదలైనవారు 1970 దశకంలో నల్లగొండ విధానాన్ని రూపొందించారు. నీటిలో ముందు సున్నం, తరువాత పటిక కలిపి వేగంగా తిప్పుతారు. ఆపై నెమ్మదిగా కలిపితే అల్యూమినియం హైడ్రాక్సైడ్ తెట్టెలు ఏర్పడి ఫ్లోరైడును పట్టుకొని అడుగుకు దిగుతాయి. క్రిములను చంపడానికి బ్లీచింగ్ పౌడరు వాడతారు. బజారులో దొరికే సరుకుతో, ఇంట్లోని బకెట్టులో కూడా సాగే ఈ పద్ధతి అనంతపురం జిల్లా కదిరిలో 1980లో ఊరుమ్మడి శుద్ధి కేంద్రంగా అమలైంది. ఆఫ్రికాలోని టాంజానియా వరకు వెళ్లింది.

అయితే పద్ధతి సులభమైనా నిర్వహణ సులభం కాదు. ఏ ఊరి నీటికి ఎంత పటిక వేయాలో పరీక్షించి నిర్ణయించాలి. మోతాదు తప్పితే ఫ్లోరైడు మిగలవచ్చు, అల్యూమినియం చేరవచ్చు. అడుగున చేరిన బురదను రోజూ తొలగించాలి. పొద్దున లేచి కూలికి పోయే కుటుంబం ఈ పనిని ఏళ్ల తరబడి చేయాలని ఆశించడం న్యాయం కాదు. పరిష్కారం ఉన్నా బాధ తీరకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

ఈ లోటునుండే నాలుగవ దశ పుట్టింది. దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి 1996 లోక్‌సభ ఎన్నికలను నిరసన వేదికగా మార్చింది. నల్లగొండ నియోజకవర్గంలో 480 మంది అభ్యర్థులు బరిలో నిలిచారు. అంతవరకు ఆంగ్ల పత్రికలలో పట్టికలుగా, ఎక్స్‌రేలుగా ఉన్న విషయం ఓటుపత్రంపై తెలుగు పేర్ల వరుసగా దేశం ముందుకు వచ్చింది. బోరునీటిని శుద్ధిచేసుకొమ్మన్న సలహా స్థానంలో నదీజలాలను తెచ్చిపెట్టమన్న డిమాండు నిలిచింది. శుద్ధిచేసిన కృష్ణా, గోదావరి జలాలను ఇంటింటికీ చేర్చే మిషన్ భగీరథకు 2015లో ఈ జిల్లాలోని చౌటుప్పల్‌లోనే పైలాన్ ఆవిష్కరించారు. కొత్త తరానికి ఆ నీరు రక్షణ కావచ్చు గాని, ఇప్పటికే వంగిన ఎముకలు దానివల్ల సరికావు.

ఈ పరిణామ క్రమం ఒక విషయాన్ని స్పష్టం చేస్తున్నది. సిద్దిఖీ గుర్తింపు లేకుంటే కారణం తెలియదు. పోషకాహార పరిశోధన లేకుంటే పేదరికంతో దాని సంబంధం తెలియదు. ఇంజనీర్ల కృషి లేకుంటే నివారణ సాధ్యమన్న నమ్మకం కలగదు. కాని జ్ఞానాన్ని హక్కుగా మలచినవారు ప్రజలు. ‘నల్లగొండ విధానం’ అన్న పేరులో పరిశోధకుల ప్రతిభతోపాటు, పరీక్షలకు తమ దేహాలను, తమ పిల్లలను అప్పగించిన పేరులేని వారి పాలు కూడా ఉంది. పరిశోధకుల వ్యాసాలు గ్రంథాలయాలలో భద్రంగా ఉన్నాయి. బాధితుల మాటలు వారితోనే వెళ్లిపోతున్నాయి. వాటిని వారి మాండలికంలోనే సేకరించి భద్రపరచడం తెలుగు శాఖలు చేపట్టదగిన, ఆలస్యం చేయరాని పరిశోధన.