కత్తిపీట అలుగును తుప్పు నుంచి కాపాడుకోవడం

పీటకు నిలువుగా బిగించిన వంపు కత్తిని కత్తిపీట అంటారు. నేలమీద కూర్చుని, పీటను కాలితో అదిమిపట్టి, కూరను రెండు చేతులతో అలుగు మీదికి నెట్టి తరుగుతారు. కత్తిలో పదునుగల లోహభాగమే అలుగు. తుప్పు ‘పడుతుంది’, పదును మనం ‘పెడతాము’: తెలుగు నుడికారం ఇది.

పాత కత్తిపీటల అలుగు సాధారణంగా కర్బనపు ఉక్కు. స్టెయిన్‌లెస్ స్టీలులో కనీసం 10.5 శాతం ఉండే క్రోమియం దీనిలో ఉండదు గనుక నీరు, గాలి కలిసి తగిలితే చాలు, తుప్పు పడుతుంది. మలేసియాలో ఏడాది పొడవునా గాలిలో తేమ ఎక్కువ. బాగన్ దాతుక్ వంటి తీరప్రాంతపు కొబ్బరితోటలలో దానికి ఉప్పుగాలి తోడవుతుంది.

అలుగు మీది నలుపంతా తుప్పు కాదు. అరటిపువ్వు, పచ్చిఅరటికాయ, మామిడికాయ తరిగినకొద్దీ వాటి వగరు, పులుపు ఇనుముతో కలిసి నీలినలుపు పొర ఏర్పడుతుంది. ఇది లోహాన్ని అంటిపెట్టుకుని కొంతవరకు కాపాడుతుంది. ఎర్రని తుప్పు అలా కాదు. అది పొడిగా రాలుతూ, తేమను పట్టి ఉంచి, లోపలికి తినుకుంటూ పోతుంది. అటక మీదినుంచి దించిన కత్తిపీటను సానయంత్రంతో తళతళలాడించడం ఈనాటి ఉత్సాహం. నల్లపొర పోయిన అలుగు త్వరగా ఎర్రబడుతుంది, అరిగిన ఉక్కు తిరిగి రాదు. ఎరుపు ఉన్నచోట మాత్రమే చింతపండు గుజ్జు పూసి, కొన్ని నిమిషాల తరువాత కొబ్బరిపీచుతో, పదునువైపు చేయి పోకుండా రుద్ది, కడిగి, వెంటనే పొడిబట్టతో తుడవాలి. పీటను నీటిలో నానబెట్టరాదు. అలుగు కొయ్యలోకి దిగే చోట నిలిచిన తేమ పైకి కనబడకుండానే పని చేస్తుంది.

నిత్యం వాడేదానికి కొబ్బరినూనె చాలు. అది ఇతర వంటనూనెలకంటే నిదానంగా కనరెక్కుతుంది. ఒకటి రెండు చుక్కలు బట్టతో పలుచగా పూసి, మిగిలినది తుడిచివేయాలి. నువ్వులనూనె, వేరుసెనగనూనె కొన్నాళ్లకు జిగురవుతాయి. నెలల తరబడి దాచేదానికి ఆహారానికి పనికివచ్చే మినరల్ ఆయిల్ మేలు, అది కనరెక్కదు. మూడుపాళ్ల ఆ నూనెలో ఒకపాలు తేనెమైనం వేసి, వేడినీటి గిన్నెలో ఉంచి కరిగిస్తే, పొర మరింత నిలుస్తుంది. యంత్రాల నూనె, రంగుల దుకాణంలో దొరికే అవిసెనూనె వంటకత్తికి తగవు.

దోసెపెనాన్ని పదును చేసినట్లు అలుగుకు నూనె రాసి నిప్పుమీద కాల్చరాదు. వేడి 200 డిగ్రీలు దాటితే ఉక్కు గట్టిదనం తగ్గి, వాడి నిలవదు.

కొనకు కొబ్బరికోరు ఉంటే దాని పళ్ల సందులే మొదట తుప్పుపట్టేది. అక్కడికి బట్ట చేరదు. పాత పళ్లబ్రష్షుతో నూనె అద్దాలి.