బడిలో ఏడిపింపు: తీవ్రతపై సిబ్బంది అంచనా

తోటిపిల్లలు ఒకరిని పదేపదే కొట్టడం, వెక్కిరించడం, జట్టులోంచి తీసేయడం ఎంత తీవ్రమైన విషయాలని బడి సిబ్బంది భావిస్తారో కొలిచే పరిశోధన ఇది. మొదట్లో పరిశోధకులు ప్రధానంగా పిల్లలనే అడిగేవారు. 1982లో నార్వేలో ముగ్గురు బాలురు, బహుశా తోటివారి వేధింపు వల్లే, ఆత్మహత్య చేసుకున్నాక, మరుసటి ఏడాది అక్కడ ఏడిపింపుకు వ్యతిరేకంగా దేశవ్యాప్త కార్యక్రమం మొదలైంది. పిల్లలను అడిగేందుకు పరిశోధకుడు డాన్ ఓల్వేయస్ రూపొందించిన ప్రశ్నావళికి అప్పుడే ప్రాచుర్యం వచ్చింది.

ఆ తర్వాత పెద్దల వంతు వచ్చింది. 2000లో కెనడాలో వెండీ క్రెయిగ్ బృందం కాబోయే ఉపాధ్యాయులకు చిన్నచిన్న సన్నివేశాలు చదవడానికిచ్చి, ఒక్కోదాని తీవ్రతకు అంకె వేయమంది. 2003లో యూన్, కెర్బర్ అమెరికాలో ఇదే పద్ధతి అనుసరించారు. దెబ్బలు కనిపిస్తే టీచర్లు వెంటనే కదులుతున్నారు, వెలివేతను మాత్రం తేలిగ్గా తీసుకుంటున్నారు. ఈ రంగంలో తేలిన విషయాల్లో అన్నిటికన్నా కలవరపెట్టేది ఇదే. ‘పిల్లల గొడవలు వాళ్లే సర్దుకుంటారు’ అనే మాట మన స్టాఫ్ రూముల్లోనూ కొత్త కాదు.

మన చట్టంలోనూ ఒక తీవ్రతా క్రమం ఉంది. 1997 నాటి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం తెలంగాణలోనూ అమల్లో ఉంది. దాని ప్రకారం ఏడిపించి అవమానిస్తే శిక్ష ఆరు నెలల వరకు, చేయిచేసుకుంటే ఏడాది వరకు. అదే చట్టం, ర్యాగింగ్ వల్ల విద్యార్థి ఆత్మహత్య చేసుకుంటే దాన్ని ప్రేరేపించినట్టే లెక్కిస్తుంది. అంటే అట్టడుగు మెట్టుమీద ఉంచిన అవమానం ప్రాణం తీయగలదని చట్టమే ఒప్పుకుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో యంగ్ లైవ్స్ అనే అధ్యయనం 15 ఏళ్ల పిల్లలను అడిగినప్పుడు, పరోక్ష వేధింపుకు, అంటే వెలివేతకు, అవమానానికి గురైనవారు 28 శాతం, శారీరక వేధింపుకు గురైనవారు 22 శాతం అని తేలింది. పెద్దలు తేలిగ్గా తీసుకునేదే పిల్లలకు ఎక్కువగా ఎదురవుతోంది. అయితే ఆ సర్వే జిల్లాల్లో గిరిజన గూడేలున్న ఖమ్మం లేదు.

ఖమ్మం జిల్లాలోని సత్తుపల్లి దాటి దమ్మపేట, అశ్వారావుపేట వైపు వెళ్తే కోయ గూడేల పిల్లలు చదివే ఆశ్రమ పాఠశాలలు ఉన్నాయి. ఇంట్లో కోయ మాట్లాడే పిల్లకు బడిలో తెలుగు రెండో భాష. ఇక్కడ కొలత చేపట్టేవారు విదేశీ సన్నివేశాలను తెలుగు చేసి సరిపెట్టకూడదు. యాసను వెక్కిరించడం, అన్నం తినేటప్పుడు పక్కన కూర్చోనివ్వకపోవడం వాటిలో ఉండాలి. టీచర్లతోపాటు వార్డెన్‌నూ, వంటమనిషినీ, రాత్రి వాచ్‌మన్‌నూ అడగాలి.