ఇంటిపేరు - పుట్టింటి పేరు

పోయిన సంక్రాంతికి బహదూర్‌పురాలోని మా ఇంటికి షోలాపూరు నుంచి ఒకావిడ వచ్చింది. అక్కడ కాపురముంటున్న మా ఆడబిడ్డకు స్నేహితురాలు. తెలుగులో మొదలుపెట్టి మరాఠీలో ముగిస్తుంది. జూపార్కు చూపిద్దామని నేననుకుంటుంటే, ఆవిడ సంచిలోంచి ఒక నోటుపుస్తకం తీసింది.

"మా ముత్తాత నైజాం ఇలాకా నుంచి వచ్చిండంట వదినా. ఏ ఊరో తెల్వదు. మా నాయన మంచంలో ఉన్నడు. కండ్లు మూసేలోపల ఆ ఊరి మట్టి ముట్టుకోవాలని ఒకటే పట్టు."

పుస్తకంలో నాలుగు తరాల మగవాళ్ల పేర్లున్నాయి. ఇంటిపేరుంది, గోత్రముంది. ఊరొక్కటే లేదు. నవలలు రాసేదాన్ని గనుక లేనిది కల్పించడం నాకలవాటే. కానీ ఇది కల్పనతో తేలే సంగతి కాదుగదా!

పద్మశాలీలకు గోత్రాల కొరత లేదు. మార్కండేయుడి వంశంలో భావనారుషి కొడుకుల పేరిట 101 గోత్రాలని చెప్పుకుంటారు. కూనపులివాళ్లు పటం విప్పి, బొమ్మలు చూపిస్తూ వాళ్లకు ఆ కథ చెప్పేవారు. అయితే గోత్రం షోలాపూరులోనూ అదే, సిరిసిల్లలోనూ అదే. పెళ్లి సంబంధాలకు పనికొస్తుంది గాని, వచ్చిన దారి చెప్పదు.

ఆ దారి చిన్నదా? మిల్లు గుడ్డ వచ్చి చేతిమగ్గం నోటికాడి కూడు లాక్కుంది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు పడి, బొంబాయి దగ్గరైంది. 1877లో షోలాపూరులో బట్టల మిల్లు నడవడం మొదలైంది. మగ్గం మీద బతుకు గడవనివాళ్లు మూటాముల్లె సర్దుకుని షోలాపూరు, బొంబాయి, భీవండి, సూరతు చేరుకున్నారు. మా మామగారి వాళ్లలాంటి కొందరు పట్నంలోనే ఆగిపోయారు. బొంబాయి వెళ్లినా బతుకు నిలకడ లేదు. 1982 జనవరి 18న మొదలైన మిల్లుల సమ్మెలో రెండున్నర లక్షలమంది కార్మికులు దిగితే, వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. ఇన్ని చోట్లు మారిన సంసారాల్లో ఊరి పేరు ఎక్కడో జారిపోవడం వింతేం కాదు.

మా అత్తగారు 1963లో జూపార్కు తెరవక ముందే ఈ ఇంటికి కోడలుగా వచ్చిన మనిషి. ఇదంతా వింటూ బియ్యం ఏరుతున్నారు. తలెత్తకుండానే అడిగారు.

"మొగోళ్ల ముచ్చట సరే బిడ్డా, మీ తాతమ్మను ఏమని పిలిచెటోళ్లు?"

"పుట్పాకవ్వ అనెటోళ్లు. ముద్దుపేరు."

అత్తగారు చేట కింద పెట్టి నవ్వారు. "ముద్దుపేరు గాదు. పుట్టపాక ఆడబిడ్డ. అది ఊరి పేరు!"

నిజమే! మా వైపు ఆడదాన్ని అత్తింట్లో పుట్టిన ఊరితోనే పిలుస్తారు. పుట్టపాక యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. అక్కడి తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ రోజుల్లో పిల్లనిచ్చేది ఎడ్లబండి వెళ్లే దూరంలోనే గనుక, ముత్తాత ఊరూ ఆ చుట్టుపక్కలే ఉండాలి. ఆవిడ కళ్లు తుడుచుకుని, మర్నాడే బస్సెక్కింది.

ఆసు పోసిందీ, కండెలు చుట్టిందీ ఆడవాళ్లే. అయినా వంశవృక్షంలో వాళ్లకు కొమ్మ లేదు. సొంత పేరు మరిచిపోయి ఊరిపేరుతో పిలిస్తే, చివరికి ఆ పిలుపే దారి చూపింది.

వారం తర్వాత ఫోను. "ముత్తాత ఊరు ఇంకా తేలలే వదినా. పుట్టపాక మట్టి తీస్కపోయి నాయన చేతుల పెట్టిన. మా అవ్వ ఊరు, గిది చాలు అన్నడు."

నాకు ఉండబట్టలేదు. "అత్తయ్యా, మీ అత్తగారి పేరేమిటి?" అన్నాను.

ఆవిడ చాలాసేపు ఆలోచించారు. "సిరిపురపామె అనెటోళ్లు. పేరా... ఎవలు పిలిచిండ్రు బిడ్డా?"

ఆ రాత్రి కొత్త నోటుపుస్తకం తెరిచి, మొదటి వరసలో సిరిపురం అని రాసి, పేరుకు చోటు ఖాళీగా ఉంచాను. రెండో వరసలో మా అత్తగారి పేరు పూర్తిగా రాశాను. మీ ఇంట్లో పెద్దావిడ ఉంటే ఈ పూటే అడగండి. రేపటికి వాయిదా వెయ్యకండి.