కుషన్ కవరుకీ ఒక చరిత్ర ఉంది

ఈ మధ్య నేను జడల డిజైన్‌తో కుషన్ కవర్లు అల్లుతున్నాను. 16 అంగుళాల చదరం. మధ్యలో లావుపాటి జడ, దానికి అటూ ఇటూ రెండు సన్నజడలు, అంచుల్లో ఆవాలు చల్లినట్టు గరుగ్గా ఉండే అల్లిక. సోఫాలో పెడితే వచ్చినవాళ్ళు చెయ్యి వేసి తడమకుండా ఉండలేరు. తడిమాక రెండు మాటలంటారు. "ఎంత బాగుందో!" అన్నది మొదటిది. "నీకు మంచి టైంపాస్" అన్నది రెండోది.

మొదటి మాటకి మురిసిపోతాను. రెండోది మాత్రం కాస్త గుచ్చుకుంటుంది. అల్లికని ఎప్పుడూ ఇలా టైంపాస్ అనే అన్నారా? లేకపోతే మధ్యలో ఎప్పుడో ఆ పేరు వచ్చి పడిందా? ఈ అనుమానంతో చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ ఆశ్చర్యమేసింది. అదే మీతో పంచుకుంటున్నాను.

ముందు కుషన్ దగ్గరే మొదలుపెడదాం. యూరప్‌లో దొరికిన అతి పాత అల్లిక వస్తువుల్లో ఏమున్నాయో తెలుసా? స్వెటర్లు కాదు, దిండు గలీబులు! స్పెయిన్‌లో బుర్గోస్ ఊరి పక్కన లాస్ ఉయెల్గాస్ అనే మఠం ఉంది. అక్కడ కాస్టీల్ రాజ్యపు యువరాజు ఫెర్నాండో దె లా సెర్దా సమాధి ఉంది. ఆయన 1275లో చనిపోయాడు. సమాధిలో ఆయనతో పాటు పెట్టిన దిండుకి పట్టుదారంతో చేత్తో అల్లిన గలీబు ఉంది. అంగుళానికి దాదాపు 20 కుట్లు. నా కుషన్‌కి అంగుళానికి 5 కుట్లు పడితేనే కళ్ళు లాగుతున్నాయి, ఇక ఆ పనితనం ఎలాంటిదో మీరే ఊహించుకోండి. పైగా అంచున అరబ్బీ లిపిలో దీవెన అనే అర్థమొచ్చే మాట ఉంది. క్రైస్తవ యువరాజు తలకింద ముస్లిం పనివాళ్ళ చేతి అల్లిక అన్నమాట. యువరాజు పేరు మనకి తెలుసు, ఆ గలీబు అల్లిన మనిషి పేరు తెలియదు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ మళ్ళీ వస్తుంది.

ఆ గలీబులో రంగురంగుల బొమ్మలున్నాయి కానీ ఉబ్బెత్తు అల్లిక లేదు, అంతా నున్నగా ఉంటుంది. ఎందుకో చెప్తాను. అల్లిక తెలిసినవాళ్ళకి తెలుసు, మొత్తం వ్యవహారం రెండే కుట్ల మీద నడుస్తుంది. నిట్, పర్ల్. హైదరాబాదులో మా పక్కింటావిడ సీదా, ఉల్టా అంటుంది. నిట్ కుట్టు ముందుకి పొంగుతుంది, పర్ల్ కుట్టు వెనక్కి అణుగుతుంది. పక్కపక్కన రెండూ ఉంటేనే ఎత్తుపల్లాలు వస్తాయి. మేజోడులాగా గుండ్రంగా అల్లుకుంటూ పోతే నిట్ ఒక్కటీ చాలు, పర్ల్‌తో పనే లేదు. పాతకాలం అల్లికలు చాలావరకు అలా గుండ్రంగా అల్లినవే.

పర్ల్ కుట్టుకి ఇప్పటిదాకా దొరికిన పాత ఆధారాల్లో ముఖ్యమైనది ఒక ఆడమనిషి మేజోళ్ళు. ఇటలీలో ఫ్లారెన్స్ పాలకుడు కోసిమో ద మెడిచి భార్య, టొలెడో ఎలియొనోరా 1562లో చనిపోయినప్పుడు ఎర్ర పట్టు మేజోళ్ళతో సమాధి చేశారు. వాటి మీద పర్ల్ కుట్లతో వేసిన గీతలూ గళ్ళూ ఉన్నాయి. ఆ తర్వాత 1649లో ఇంగ్లండు రాజు మొదటి ఛార్లెస్‌కి శిరచ్ఛేదం చేసినరోజు ఆయన ఒంటిమీద ఉన్నదని చెప్పే పట్టు అల్లిక చొక్కా లండన్ మ్యూజియంలో ఉంది. రంగు ఒక్కటే. డిజైనంతా నిట్, పర్ల్ ఎత్తుపల్లాలతోనే. ఇక్కడా తొడుక్కున్నవాళ్ళ పేర్లే మిగిలాయి.

మరి అల్లినవాళ్ళెవరు? ఆ రోజుల్లో యూరప్ నగరాల్లో అల్లికపనివాళ్ళకి సంఘాలుండేవి. సభ్యులు మగవాళ్ళు. ఏళ్ళ తరబడి శిష్యరికం చేసి, దేశాలు తిరిగి పని నేర్చుకుని, చివర్లో పరీక్షకి కూర్చోవాలి. అల్సేస్, జర్మన్ ప్రాంతాల్లో ఆ పరీక్షకి టోపీ, చొక్కా, చేతితొడుగులతో పాటు పూలూ పక్షులూ ఉన్న పెద్ద తివాచీ కూడా అల్లి చూపించాలి. అలాంటి 1781 నాటి తివాచీ ఒకటి లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. అది అల్లినవాణ్ణి ఎవరూ టైంపాస్ చేస్తున్నావా అని అడగలేదు. మాస్టర్ అన్నారు. సూదులు అవే, కుట్లు అవే. పని వీధిలో దుకాణంలో జరిగితే వృత్తి, ఇంట్లో పొయ్యి పక్కన జరిగితే కాలక్షేపం. నాకు మొదటిసారి కళ్ళు తెరుచుకున్నది ఇక్కడే.

ఇప్పుడు నా కుషన్ మీద ఉన్న జడల సంగతికి వస్తాను. వీటిని ఇంగ్లీషులో కేబుల్స్ అంటారు, ఈ తరహా అల్లికకి అరన్ అల్లిక అని పేరు. ఐర్లాండుకి పడమటి వైపు, గాల్వే అఖాతం మొదట్లో 3 చిన్న దీవులున్నాయి. అవే అరన్ దీవులు. రాయీ గాలీ తప్ప పెద్దగా ఏమీ లేని నేల. ఈ అల్లిక గురించి ఒక కథ ప్రపంచమంతా తిరుగుతుంది. మీరూ వినే ఉంటారు. వేల ఏళ్ళ నాటి డిజైన్లట. జడ అంటే జాలరి మోకు, వజ్రం ఆకారం అంటే చిన్న పొలం, వంకర గీత అంటే సంసారంలో ఎగుడుదిగుళ్ళు. ఒక్కో కుటుంబానికి ఒక్కో డిజైనట. సముద్రంలో మునిగిపోయిన జాలరి శవం కొట్టుకొస్తే, ఒంటిమీది స్వెటర్ చూసి ఎవరి బిడ్డో చెప్పేవారట.

వినడానికి గుండె బరువెక్కే కథే. కానీ నిజం కాదు.

ఈ కథకి రెండు వేర్లున్నాయి. జె.ఎం. సింజ్ అనే రచయిత అరన్ దీవుల జీవితం మీద రాసిన "రైడర్స్ టు ద సీ" నాటకం 1904లో డబ్లిన్‌లో ఆడారు. అందులో ఒక చెల్లెలు చనిపోయిన అన్నని మేజోడు చూసి గుర్తుపడుతుంది. డిజైన్ చూసి కాదండీ, తను ఎన్ని కుట్లు వేసిందో, ఎన్ని వదిలేసిందో తనకి తెలుసు కాబట్టి. రెండో వేరు హైంజ్ ఎడ్గర్ కీవ్. ఆక్స్‌ఫర్డ్‌లో ఊలు దుకాణం నడిపేవాడు. 1936లో డబ్లిన్‌లో ఒక అరన్ స్వెటర్ చూసి మోజుపడి, దానికి ప్రాచీన మత చిహ్నాలతో సంబంధం అంటగట్టి, 1967లో ఏకంగా ఒక పుస్తకం రాశాడు. 1987లో చేతి అల్లిక చరిత్ర రాసిన రిచర్డ్ రట్ ఆ వాదానికి ఆధారాల్లేవని తేల్చాడు. ఈ రట్ ఎవరనుకున్నారు? ఒక బిషప్! తనే స్వయంగా అల్లేవాడు కూడా.

మరి అసలు కథేంటి? 1891లో అప్పటి బ్రిటిష్ ప్రభుత్వం ఐర్లాండు పడమటి తీరంలో పేదరికం తగ్గించడానికి ఒక బోర్డు పెట్టింది. చేపల వేట, పడవలతో పాటు ఇంట్లో ఆడవాళ్ళు చేసే అల్లిక, లేసు లాంటి పనుల్ని కూడా ప్రోత్సహించింది. ఇంగ్లండు, స్కాట్లాండు జాలర్లు నీలంరంగు బిగుతు ఊలు చొక్కాలు వేసుకునేవారు. వాటి మీద భుజాల దగ్గరా ఛాతీ మీదా ఉబ్బెత్తు డిజైన్లుండేవి. అరన్ ఆడవాళ్ళు ఆ పద్ధతిని చూసి, తమ దగ్గరున్న లావుపాటి తెల్ల ఊలుతో ఒళ్ళంతా డిజైన్లు నింపి కొత్త స్వెటర్ తయారుచేశారు. ఇదంతా 20వ శతాబ్దం మొదట్లో జరిగింది. 1930లో మ్యూరియల్ గహన్ అనే ఆవిడ డబ్లిన్‌లో పల్లె పనితనం అమ్మే దుకాణం తెరిచి వీటికి గిరాకీ తెచ్చింది. 1961లో క్లాన్సీ బ్రదర్స్ అనే పాటల బృందం అమెరికా టీవీలో ఈ స్వెటర్లు వేసుకుని పాడేసరికి ఇక వెనక్కి చూసుకోలేదు.

అంటే ఇది వేల ఏళ్ళ రహస్యం కాదు, మన నాయనమ్మల కాలం ఆడవాళ్ళు బుర్రపెట్టి, నాలుగు డబ్బులొస్తాయని అల్లిన అల్లిక. నాకైతే ఈ నిజమే కథ కన్నా బాగా నచ్చింది. కథలో ఆడది శవం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. నిజంలో ఆవిడ కొత్త డిజైన్ కనిపెట్టి, అమ్మి, ఇంట్లోకి సరుకులు తెచ్చింది. కథ అయితే స్వెటర్ అమ్ముడుపోవడానికి బాగా పనికొచ్చింది. ఆవిడకి మాత్రం పేరు కూడా మిగల్లేదు.

ఇంతదూరం చదివాక నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. వాళ్ళది నరసాపురం దగ్గర పల్లెటూరు. మన గోదావరి జిల్లాలకి 19వ శతాబ్దంలో మిషనరీలు క్రోషా లేసు అల్లిక తెచ్చారు. ఐర్లాండులోనూ 1845లో మొదలైన పెద్ద కరువు రోజుల్లో సన్యాసినుల మఠాల్లో ఇదే క్రోషా లేసు నేర్పి ఎన్నో కుటుంబాలు నిలబడేలా చేశారు. రెండు చోట్లా సూత్రం ఒకటే. ఆడది గడప దాటక్కర్లేదు, డబ్బులొస్తాయి.

నరసాపురం లేసు బల్లగుడ్డలై, కుషన్ కవర్లై సముద్రాలు దాటి వెళ్ళింది. 1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త వచ్చి, ఈ ఆడవాళ్ళతో మాట్లాడి, 1982లో "ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్" అనే పుస్తకం ప్రచురించింది. ఇంటిపని కాక రోజుకి 6 నుంచి 8 గంటలు లేసు అల్లేవారని రాసింది. చేతికొచ్చేది మాత్రం పొలం పనికెళ్ళే ఆడకూలీకి ప్రభుత్వం నిర్ణయించిన కనీస కూలి కన్నా చాలా తక్కువ. కారణం? వాళ్ళు కూలీలు కాదు, గృహిణులు, తీరిక వేళల్లో ఏదో అల్లుకుంటారు అని వ్యాపారులు అనుకున్నారు. అన్నిటికన్నా బాధేంటంటే, అల్లేవాళ్ళు కూడా అలాగే అనుకున్నారు. ఎగుమతి లెక్కల్లో లేసు ఉంది, పనివాళ్ళ లెక్కల్లో ఆడవాళ్ళు లేరు.

మా అమ్మమ్మ కూడా అంతే. మధ్యాహ్నం అంట్లు తోమాక అరుగుమీద కూర్చుంటే దీపాలు పెట్టేవేళ దాకా సూది ఆగేది కాదు. ఏజెంటు వచ్చి దారం ఉండలు లెక్కపెట్టి ఇచ్చేవాడు, లెక్కపెట్టి లేసు పట్టుకెళ్ళేవాడు. "ఏం చేస్తున్నావు పిన్నీ?" అని ఎవరైనా పలకరిస్తే, "ఏముందమ్మా, ఊరికే కూర్చున్నా" అనేది. చేతిలో సూది ఆడుతూనే ఉండేది! అమ్మ హైస్కూలు ఫీజు ఆ ఊరికే కూర్చున్న డబ్బుల్లోంచే కట్టారు. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరుకి గౌరవం దక్కింది, సంతోషమే. ఆ చేతులకి దక్కాల్సిన గౌరవం సంగతి మనింట్లోంచే మొదలుకావాలేమో.

అందుకే ఈసారి కుషన్ కవరు అల్లేటప్పుడు ఒక పని చేశాను. క్యాలెండర్ మీద గంటలు రాసుకున్నాను. మన ఉక్కపోతకి ఊలు పనికిరాదని కాటన్ నూలు తీసుకున్నాను, 350 గ్రాములు పట్టింది. జడలు అల్లికని లోపలికి లాగేస్తాయి కాబట్టి అదే వెడల్పు రావాలంటే సాదా అల్లిక కన్నా ఎక్కువ కుట్లు వెయ్యాలి, నూలూ ఎక్కువే కావాలి. 6 కుట్ల జడకి ప్రతి మెలికలోనూ 3 కుట్లు మూడో సూది మీదకి తీసి ముందు పెట్టి, తర్వాతి 3 అల్లి, మళ్ళీ వెనక్కొచ్చి పక్కన పెట్టినవి అల్లాలి. ముందూ వెనకా కలిపి మొత్తం 31 గంటలు. కూరలు తరిగిన మధ్యలో, మా అమ్మాయి ట్యూషన్ నుంచి వచ్చేలోపు, రాత్రి అందరూ పడుకున్నాక.

తెలిసినావిడ ఒకరు తనకి అలాంటివి రెండు కావాలని, "నూలు డబ్బులు ఇచ్చేస్తాలే" అంది. నేను నవ్వుతూనే ఆ గంటల లెక్క చూపించాను. ఆవిడ కాసేపు చూసి, "అమ్మో, ఇంత పనా! నేననుకోలేదు" అంది. తర్వాత ఒకటే చెప్పింది, కానీ సరైన ధరకి. నాకు ఆ డబ్బు కన్నా ఆ "అనుకోలేదు" అన్న మాట ఎక్కువ నచ్చింది. అనుకోకపోవడం వల్లే కదా ఇంతకాలం జరిగింది!

ఊరికే ఇష్టంతో అల్లుకోవడం తప్పని నేననడం లేదు. నేనూ ఇష్టంతోనే అల్లుతాను, ప్రేమతో ఇచ్చేవాటికి పైసా తీసుకోను. కానీ ఇచ్చేవాళ్ళకీ పుచ్చుకునేవాళ్ళకీ అది పని అని తెలిసి ఉండాలి. తెలిసి ఇస్తే కానుక, తెలియకుండా పోతే వెట్టి.

ఇంకో మాట. యువరాజు దిండు, రాణి మేజోళ్ళు, రాజు చొక్కా, అరన్ స్వెటర్, నరసాపురం లేసు. ఇన్నిట్లో అల్లినవాళ్ళ పేరు ఒక్కటీ లేదు. ఇక మీదట మీరు ఏది అల్లినా, కుట్టినా లోపలివైపు చిన్నగా మీ పేరు, సంవత్సరం దారంతో కుట్టండి. రెండు నిమిషాల పని. అలాగే మీ ఇంట్లో పాత ట్రంకుపెట్టెలో అమ్మమ్మవో నాయనమ్మవో లేసులు, స్వెటర్లు ఉంటే బయటికి తీసి, పెద్దవాళ్ళుండగానే ఎవరు అల్లారో అడిగి ఒక చీటీ మీద రాసి పెట్టండి. మా అమ్మ దగ్గరున్న బల్లగుడ్డకి నేను రాసేశాను. అమ్మమ్మ పూర్తి పేరు, ఊరు, ఆ కింద "లేసు పని" అని.