బాక్టీరియాలలో ఉత్పరివర్తనం, ప్రకృతి వరణం

బాక్టీరియాల జన్యు పదార్థంలో సంభవించే శాశ్వతమైన మార్పులను ఉత్పరివర్తనాలు అంటారు. ఇవి తల్లి కణం నుండి పిల్ల కణాలకు సంక్రమిస్తాయి. ఇట్టి మార్పులలో ఆయా పరిసరాలలో మనుగడకు, సంతానోత్పత్తికి తోడ్పడేవి తరతరానికి వ్యాపించడాన్ని, హాని కలిగించేవి తగ్గిపోవడాన్ని ప్రకృతి వరణం అంటారు. ఈ రెండు ప్రక్రియల ఫలితంగా బాక్టీరియాలు పరిణామం చెందుతాయి. పెద్ద జంతువులలోను, వృక్షాలలోను వేల సంవత్సరాలు పట్టే పరిణామాన్ని బాక్టీరియాలలో కొద్ది దినాలలోనే కళ్ళారా చూడవచ్చును. యాంటీబయాటిక్ మందులకు రోగకారక బాక్టీరియాలు లొంగకుండా పోవడానికి మూలకారణం ఇదే. కావున ఈ విషయం జీవశాస్త్రానికి ఎంత ముఖ్యమో, వైద్యశాస్త్రానికి కూడ అంతే ముఖ్యం.

ఉత్పరివర్తనాలు ఎట్లు కలుగుతాయి

బాక్టీరియా కణం రెండుగా విడిపోయే ముందు తన డి.ఎన్.ఎ. కు ఒక నకలు తయారు చేసుకుంటుంది. డి.ఎన్.ఎ. లోని సమాచారం ఎడెనిన్, గ్వానిన్, సైటోసిన్, థైమిన్ అనే నాలుగు క్షారాల వరుసక్రమంలో ఇమిడి ఉంటుంది. ఈ నాలుగింటిని నాలుగక్షరాల లిపిగా భావించవచ్చును. పూర్వం తాళపత్ర గ్రంథాలకు ప్రతులు వ్రాసే లేఖకులు ఎంత శ్రద్ధ వహించినా అక్కడక్కడ ఒక అక్షరం మారిపోయేది, ఒక పదం జారిపోయేది, లేదా ఒక పంక్తి రెండుసార్లు పడేది. తరువాతి లేఖకుడు ఆ తప్పును కూడ యథాతథంగా ఎత్తి వ్రాసేవాడు. డి.ఎన్.ఎ. నకలులో జరిగే పొరపాట్లు కూడ ఇటువంటివే. ఒక క్షారం బదులు మరొకటి చేరడం, కొన్ని క్షారాలు లోపించడం, అదనంగా చేరడం, ఒక జన్యువు మొత్తం రెండు ప్రతులుగా మారడం, ఒక ముక్క తలక్రిందులు కావడం ఇందులోని ముఖ్యమైన రకాలు. అతినీలలోహిత కిరణాలు, కొన్ని రసాయనాలు డి.ఎన్.ఎ. ను దెబ్బతీయడం వలన కూడ ఉత్పరివర్తనాలు కలుగుతాయి.

కణంలో ఈ పొరపాట్లను సరిదిద్దే ఏర్పాట్లు ఉన్నాయి. నకలు తీసే ఎంజైము తప్పు క్షారాన్ని చేర్చినప్పుడు వెనుకకు మళ్ళి దానిని తొలగించగలదు. అప్పటికీ మిగిలిపోయిన తప్పులను మ్యూట్-ఎస్, మ్యూట్-ఎల్, మ్యూట్-హెచ్ అనే ప్రోటీనులు వెదకి పట్టుకుంటాయి. ఈ దిద్దుబాట్ల తరువాత మిగిలే తప్పులు బహు స్వల్పం.

స్వల్ప సంభావ్యత, అపార సంఖ్య

మానవుల ప్రేగులలో నివసించే ఎశ్చరీషియా కోలై (ఇ. కోలై) అనే బాక్టీరియాను ఉదాహరణగా తీసుకొందాము. 1997లో ప్రకటించిన దీని జన్యు పటంలో సుమారు 46 లక్షల క్షార జంటలు, 4,300 వరకు జన్యువులు ఉన్నాయి. సగటున వెయ్యి కణ విభజనలకు ఒకటి రెండు చొప్పున మాత్రమే కొత్త ఉత్పరివర్తనాలు కలుగుతాయి. ఇది చాల తక్కువగా కనిపిస్తుంది. కాని అనుకూల పరిస్థితులలో ఈ కణం 20 నిమిషాలకు ఒకసారి రెట్టింపు అవుతుంది. ఒక రాత్రి పెరిగిన ద్రవ వర్ధనంలో మిల్లీలీటరుకు సుమారు 100 కోట్ల కణాలు ఉంటాయి. ఒక కణం 100 కోట్ల కణాలుగా మారడానికి దాదాపు 100 కోట్ల విభజనలు జరగాలి. అనగా ఆ ఒక్క మిల్లీలీటరు ద్రవం తయారయ్యే లోపల 10 లక్షల ఉత్పరివర్తనాలు సంభవించి ఉంటాయి.

వీటిలో అనేకం కణంపై చెప్పుకోదగ్గ ప్రభావం చూపవు. కొన్ని హాని చేస్తాయి. మేలు చేసేవి బహు అరుదు. అయితే మేలు, కీడు అనేవి పరిసరాలను బట్టి నిర్ణయమౌతాయి. యాంటీబయాటిక్ లేనిచోట భారంగా ఉండే మార్పు, అది ఉన్నచోట ప్రాణరక్షకం కావచ్చును.

మార్పు ముందా, అవసరం ముందా

బాక్టీరియాలు ప్రమాదాన్ని ఎదుర్కొన్న తరువాత దానికి తగినట్లు మారుతాయా, లేక మారిన కణాలు ముందే ఉండి ప్రమాదంలో అవి మాత్రమే మిగులుతాయా అన్న ప్రశ్న ఇరవయ్యవ శతాబ్దపు పూర్వార్థంలో శాస్త్రజ్ఞులను వేధించింది. 1943లో సాల్వడోర్ లూరియా, మాక్స్ డెల్‌బ్రుక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీనికి సమాధానం చూపారు.

వారు అనేక చిన్న గొట్టాలలో కొద్దిపాటి ఇ. కోలై కణాలను వేసి విడివిడిగా పెంచారు. తరువాత ఒక్కొక్క గొట్టంలోని కణాలను, వాటిని చంపే వైరస్ దట్టంగా పూసిన పళ్ళెంపై పరచి, బ్రతికి బట్టకట్టిన కణాలను లెక్కించారు. వైరస్ తగిలిన తరువాతనే కణాలు మారుతున్నట్లయితే అన్ని గొట్టాలలోను ఇంచుమించు ఒకే సంఖ్య రావాలి. ఉత్పరివర్తనం ముందే, యాదృచ్ఛికంగా జరిగినట్లయితే, ఏ గొట్టంలో అది తొలి తరాలలో జరిగిందో అక్కడ దాని సంతానం వందల సంఖ్యలో ఉండాలి. ఆలస్యంగా జరిగిన చోట ఒకటి రెండు, అసలు జరగని చోట శూన్యం. ప్రయోగంలో గొట్టానికీ గొట్టానికీ సంఖ్యలు విపరీతంగా మారాయి. ఒకే పెద్ద వర్ధనం నుండి తీసిన నమూనాలలో మాత్రం అంతటి తేడా కనబడలేదు. కావున ఉత్పరివర్తనం ముందే జరిగిందని, వైరస్ కేవలం వడపోత చేసిందని రుజువైంది. లూరియా, డెల్‌బ్రుక్‌లకు ఆల్‌ఫ్రెడ్ హెర్షీతో పాటు 1969లో నోబెల్ బహుమతి లభించింది.

1952లో జాషువా లెడర్‌బర్గ్, ఎస్తర్ లెడర్‌బర్గ్ దంపతులు దీనినే మరింత సూటిగా నిరూపించారు. పళ్ళెంపై పెరిగిన బాక్టీరియా సమూహాలపై మఖమలు గుడ్డను అద్ది, ముద్ర వేసినట్లుగా అదే అమరికను ఇతర పళ్ళాలపైకి దించారు. మందు గల పళ్ళెంలో ఏ స్థానంలో కణాలు బ్రతికాయో, మందు సోకని మూల పళ్ళెంలో సరిగ్గా అదే స్థానంలోని కణాలు కూడ మందుకు తట్టుకోగలిగాయి. అవి ఆ మందును ఎన్నడూ చూసి ఉండలేదు.

కష్టకాలంలో బాక్టీరియాలు తమకు కావలసిన ఉత్పరివర్తనాలనే ఎంచుకొంటాయేమోనని 1988లో జాన్ కెయిర్న్స్, ఆయన సహచరులు మళ్ళీ ప్రశ్న లేవనెత్తారు. డి.ఎన్.ఎ. దెబ్బతిన్నప్పుడు, ఆకలితో ఉన్నప్పుడు కొన్ని కణాలలో తప్పుల రేటు పెరిగే మాట నిజమే. అయితే ఆ పెరుగుదల అవసరమైన జన్యువుకే పరిమితం కాదని తరువాతి పరిశోధనలు తేల్చాయి.

దీర్ఘకాలిక పరిణామ ప్రయోగం

అమెరికాకు చెందిన రిచర్డ్ లెన్‌స్కీ 1988 ఫిబ్రవరి 24న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (ఇర్వైన్) లో ఒక ప్రయోగాన్ని ప్రారంభించాడు. తరువాత ఇది మిచిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో కొనసాగింది. ఒకే కణం నుండి వచ్చిన ఇ. కోలై ని 12 కుప్పెలలో, కొద్దిపాటి గ్లూకోజు గల ద్రవంలో పెంచుతారు. ప్రతిదినం ద్రవంలో నూరవ వంతును కొత్త ద్రవంలోనికి మారుస్తారు. దీనివలన దినానికి సుమారు 6.6 తరాలు గడుస్తాయి. 500 తరాలకు ఒకసారి నమూనాలను ఘనీభవింపజేసి భద్రపరుస్తారు. ఆ కణాలను తిరిగి బ్రతికించవచ్చును గనుక, ముత్తాతలను మునిమనుమలతో పోటీకి నిలిపి ఎవరు వేగంగా పెరుగుతారో కొలవడానికి వీలుంటుంది.

ఈ ప్రయోగంలోని ముఖ్యమైన పరిశీలనలు:

* 12 సమూహాలు కూడ పూర్వీకుల కంటె వేగంగా పెరగసాగాయి. మొదట్లో అభివృద్ధి త్వరితంగా, తరువాత మందగతిన సాగింది కాని, 50,000 తరాల తరువాత కూడ ఆగిపోలేదు.
* 50,000 తరాల లోపు 6 సమూహాలలో దిద్దుబాటు యంత్రాంగం దెబ్బతిని ఉత్పరివర్తనాల రేటు బాగా పెరిగింది.
* ఒక సమూహం సుమారు 31,500 తరాల వద్ద, ఆక్సిజన్ సమక్షంలో సిట్రేట్‌ను ఆహారంగా వాడుకొనే శక్తిని సంపాదించింది. ఇ. కోలై కి సాధారణంగా ఈ శక్తి ఉండదు. ఈ సంగతి 2008లో ప్రచురితమైంది.

సిట్రేట్ శక్తి ఎట్లు వచ్చిందో 2012లో వివరించారు. సిట్రేట్‌ను కణంలోనికి తెచ్చే జన్యువు ఇ. కోలై లో ముందునుండి ఉంది కాని, ఆక్సిజన్ ఉన్నప్పుడు పని చేయదు. ఆ డి.ఎన్.ఎ. ముక్క రెండింతలు కావడంతో, రెండవ ప్రతి ఆక్సిజన్ ఉన్నప్పుడు కూడ పనిచేసే వేరొక నియంత్రకం క్రిందికి వచ్చింది. ఘనీభవింపజేసిన పాత నమూనాలతో ప్రయోగాన్ని తిరిగి నడిపినప్పుడు, ఆ సమూహపు తరువాతి తరాల నుండి మాత్రమే ఈ గుణం మళ్ళీ వచ్చింది. అనగా అంతకు ముందే జరిగిన వేరే మార్పులు దీనికి దారి వేశాయి. 2020లో కోవిడ్ కారణంగా ప్రయోగం కొంతకాలం ఆగింది; 2022లో టెక్సస్ విశ్వవిద్యాలయానికి (ఆస్టిన్) మారింది.

పరిణామ మార్గాలు

ఒక జన్యువు మెరుగుపడడానికి అనేక మార్పులు కావలసినప్పుడు, అవి ఏ వరుసలో వస్తాయన్నది ముఖ్యం. పెన్సిలిన్ వంటి మందులను ముక్కలు చేసే బీటా-లాక్టమేజ్ ఎంజైములలో టెమ్-1 అనేది ప్రసిద్ధమైనది. దీని జన్యువులో ఐదు మార్పులు కలిసి సెఫోటాక్సిమ్ అనే మందును తట్టుకొనే శక్తిని సుమారు లక్ష రెట్లు పెంచుతాయి. ఐదు మార్పులను 120 వరుసలలో అమర్చవచ్చును. ప్రతి మెట్టులోను శక్తి పెరిగితేనే ప్రకృతి వరణం ఆ దారిన సాగుతుంది. 2006లో డానియెల్ వైన్‌రైక్ బృందం పరీక్షించగా 120 దారులలో 18 మాత్రమే అట్టివని తేలింది. ఉత్పరివర్తనం యాదృచ్ఛికమే అయినా పరిణామం పూర్తిగా గాలివాటం కాదని దీనివలన తెలుస్తుంది.

అరువు జన్యువులు

బాక్టీరియాలు తమ జన్యువులలోని మార్పులపైనే ఆధారపడి లేవు. ఇతర బాక్టీరియాల నుండి కూడ జన్యువులను మూడు విధాలుగా గ్రహిస్తాయి:

* పరివర్తనం - చనిపోయిన కణాల డి.ఎన్.ఎ. ను పరిసరాల నుండి గ్రహించడం. 1928లో ఫ్రెడరిక్ గ్రిఫిత్ న్యుమోనియా బాక్టీరియాలో దీనిని గమనించాడు.
* సంయుగ్మం - రెండు కణాలు కలుసుకొని ఒకటి మరొకదానికి డి.ఎన్.ఎ. ను ఇవ్వడం. 1946లో లెడర్‌బర్గ్, టేటమ్ దీనిని కనుగొన్నారు.
* వాహనం - వైరస్ ద్వారా ఒక కణపు జన్యువు మరొక కణానికి చేరడం. 1952లో జిండర్, లెడర్‌బర్గ్ దీనిని ప్రకటించారు.

సంయుగ్మంలో తరచు చేతులు మారేవి ప్లాస్మిడ్లు అనే చిన్న డి.ఎన్.ఎ. వలయాలు. ఒకే ప్లాస్మిడ్ మీద అనేక మందులను ఎదిరించే జన్యువులు ఉండవచ్చును. తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనా విభాగానికి అధిపతిగా ఉన్న లెడర్లీ సంస్థ నుండి 1948లో ఆరియోమైసిన్ వెలువడింది. టెట్రాసైక్లిన్ కుటుంబపు మందులలో ఇది మొదటిది. 1950వ దశకం ముగిసేలోపే జపానులో సల్ఫా మందులు, స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్, టెట్రాసైక్లిన్ నాలుగింటికీ లొంగని రక్తవిరేచనాల బాక్టీరియాలు వ్యాపించాయి. ఆ శక్తి సంయుగ్మం ద్వారా సంక్రమిస్తున్నదని అక్కడి శాస్త్రజ్ఞులు కనుగొన్నారు.

వైద్యంలో ప్రాముఖ్యత

క్షయ బాక్టీరియాలో మందులను ఎదిరించే శక్తి ముఖ్యంగా దాని సొంత జన్యువుల ఉత్పరివర్తనం వలననే వస్తుంది. రోగి ఊపిరితిత్తులలోని ఒక పుండులో పది కోట్లకు పైగా కణాలు ఉండవచ్చును. ఐసోనియాజిడ్‌కు లొంగని కణం సుమారు పది లక్షలకు ఒకటి, రిఫాంపిసిన్‌కు లొంగనిది సుమారు పది కోట్లకు ఒకటి ఉంటుంది. ఒకే మందు ఇస్తే లొంగని కణాలు మిగిలి, అవే మళ్ళీ పెరుగుతాయి. రెండు మందులకూ ఒకేసారి లొంగని కణం ఉండే అవకాశం ఈ రెండు సంభావ్యతల లబ్ధం, అనగా కోటి కోట్లకు ఒకటి. క్షయకు అనేక మందులను కలిపి ఇవ్వడంలోని రహస్యం ఈ లెక్కలోనే ఉంది. రోగి వాటిలో ఒక మందును మానివేసినా, నడుమ నడుమ ఆపివేసినా ఈ లెక్క తారుమారౌతుంది. ప్రపంచంలోని క్షయ రోగులలో సుమారు నాలుగవ వంతు భారతదేశంలోనే ఉన్నందున ఇది మనకు మిక్కిలి ముఖ్యమైన విషయం.

మందును ఎదిరించే శక్తికి బాక్టీరియా కొంత మూల్యం చెల్లిస్తుంది. మందు లేనిచోట అట్టి కణాలు తరచు నెమ్మదిగా పెరుగుతాయి. కావున మందు వాడకం ఆపితే అవి వాటంతట అవే పోతాయని ఆశించవచ్చును. కాని మరికొన్ని ఉత్పరివర్తనాలు ఈ నష్టాన్ని పూడ్చివేస్తాయి. అప్పుడు ఆ శక్తి మందు లేకున్నా నిలిచిపోతుంది.

వరణం ఆసుపత్రులలోనే జరగదు. 2007లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరు వద్ద మందుల కర్మాగారాల వ్యర్థజలాలను శుద్ధి చేసే కేంద్రం నుండి వెలువడే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు స్వీడన్ శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. ఇది అనేక బాక్టీరియాలను చంపడానికి కావలసిన దానికంటె ఎన్నో రెట్లు ఎక్కువ. అట్టి నీటిలో మందుకు లొంగని కణాలే మిగిలి, వాటి జన్యువులు ఇతర బాక్టీరియాలకు చేరే అవకాశం ఏర్పడుతుంది. పశువులకు, కోళ్ళకు మందులు వాడడం వలన కూడ ఇదే జరుగుతుంది. చివరి అస్త్రంగా దాచుకొన్న కోలిస్టిన్‌కు ప్లాస్మిడ్ ద్వారా వ్యాపించే నిరోధక జన్యువు 2015లో చైనాలో బయటపడింది. 2019లో భారత ప్రభుత్వం ఆహారం కొరకు పెంచే జంతువులలో కోలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది.

2022లో లాన్సెట్ పత్రికలో వెలువడిన అంచనా ప్రకారం 2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మరణాలు నేరుగా బాక్టీరియాల మందు నిరోధకత వలన సంభవించాయి. జలుబు వంటి వైరస్ వ్యాధులపై యాంటీబయాటిక్‌లు పనిచేయవు. అట్టి సందర్భాలలో వీటిని మింగితే రోగం తగ్గదు సరికదా, శరీరంలోని వేరే బాక్టీరియాలపై వరణం జరుగుతుంది. ఉత్పరివర్తనాలను ఆపడం మానవుని చేతిలో లేదు. వరణం ఎక్కడ, ఎంత తీవ్రంగా జరగాలన్నది మాత్రం చాలవరకు మందుల వాడకంపైనే ఆధారపడి ఉన్నది.