ఆచార్యులను అడిగినట్టు మన పెద్దలనూ అడిగితే

వార్షికోత్సవ సంచికకు చరిత్ర వ్యాసం అంటే మనవాళ్ళు మార్కండేయ మహర్షి దగ్గరో, దేవల మహర్షి దగ్గరో మొదలుపెడతారు. అది రాసే పెద్దలు ఉన్నారు, మాకన్నా బాగా రాస్తారు. మేము ఎనిమిదో తరగతితో బడి మాని మగ్గం గుంతలో కాళ్ళు పెట్టినవాళ్ళం, తరవాత సొసైటీ లెక్కలు చూసినవాళ్ళం. అయినా ఈసారి యూనివర్సిటీ ఆచార్యుల గురించి రాస్తున్నాం. నేతవాళ్ళ సంచికలో ఆచార్యులకేం పని అని మధ్యలో ఆపెయ్యకండి.

పుస్తకాల్లో ఎక్కని సంగతుల్ని మనిషి నోటితోనే చెప్పించి దాచిపెట్టడాన్ని మౌఖిక చరిత్ర అంటారు. అమెరికాలో కొలంబియా యూనివర్సిటీలో అలన్ నెవిన్స్ అనే చరిత్రకారుడు 1948లో దీన్ని ఒక పద్ధతిగా మొదలుపెట్టాడు. తరవాత యూనివర్సిటీలు తమ ఆచార్యులనే కూర్చోబెట్టి అడగడం నేర్చుకున్నాయి. ఎక్కడ పుట్టారు, ఎవరు చదివించారు, ఉద్యోగం ఎట్లా దొరికింది, ఎక్కడ దెబ్బ తిన్నారు అని అడుగుతారు. నక్షత్రాల శాస్త్రవేత్త చంద్రశేఖర్ గారిని 1977లో ఇట్లాగే అడిగి, ఆ మాటలన్నీ అక్షరం పొల్లుపోకుండా రాసి పెట్టారు.

మాకు దగ్గరగా అనిపించింది మాత్రం సి.ఆర్. రావు గారి సంగతి. తెలుగు ఇంటి బిడ్డ. 1920 సెప్టెంబరు 10న మన హూవిన హడగలిలో పుట్టారు. అప్పుడది మద్రాసు ప్రెసిడెన్సీలో బళ్ళారి జిల్లా. 1953 అక్టోబరు 1న మైసూరులో కలిసింది, ఇప్పుడు విజయనగర జిల్లా. బళ్ళారి వైపు తెలుగు మగ్గాల ఇళ్ళల్లో ఈ పేరు ఎంతమందికి తెలుసో మరి. ఎనిమిదో సంతానం కాబట్టి, దేవకి ఎనిమిదో బిడ్డ కృష్ణుడి లెక్కన రాధాకృష్ణ అని పేరు పెట్టారు. నాన్నగారు పోలీసు ఇన్‌స్పెక్టరు. ఆ బదిలీలతో గూడూరు, నూజివీడు, నందిగామ, చివరికి విశాఖపట్నం. వాళ్ళమ్మగారు తెల్లవారుజామున నాలుగింటికి లేపి, నూనె దీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టేవారట. ఈ మాట చదివినప్పుడు మాకు మన ఆడవాళ్ళు గుర్తొచ్చారు. అదే వేళకు లేచి, అదే దీపం దగ్గర కండెలు చుట్టినవాళ్ళు.

ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల ఎం.ఏ. అయ్యాక పరిశోధన చేద్దామంటే, దరఖాస్తు ఆలస్యంగా అందిందని స్కాలర్‌షిప్పు రాలేదు. యుద్ధం రోజులు. మిలిటరీ సర్వేలో ఉద్యోగం ఉందంటే ఇంటర్వ్యూకి కలకత్తా వెళ్ళారు. అక్కడ పరిచయమైన ఒకాయన, తాను ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందుతున్నానని చెప్పాడు. అదేమిటో చూద్దామని వెళ్ళి, దరఖాస్తు పెట్టి, 1941 జనవరి 1న అక్కడ చేరిపోయారు. పరాయి ఊళ్ళో ఒక మనిషి చెప్పిన మాట మీద బతుకు దారి మళ్ళడం మనకు కొత్త కాదు. సోలాపూర్ వెళ్ళినవాళ్ళూ, భివండీ వెళ్ళినవాళ్ళూ ఎక్కువమంది అట్లా వెళ్ళినవాళ్ళే.

ఆయన పేరు లోకానికి తెలిపిన పరిశోధన పత్రం 1945లో అచ్చయింది. మాకు అర్థమైనంతలో చెప్తాం. నూలు కట్ట వచ్చినప్పుడు అన్ని చిలపలూ తూచలేం, నాలుగు తీసి నెంబరు చూసి మొత్తానికి లెక్క కడతాం. ఆ లెక్కలో కొంత తప్పు ఉంటుంది. ఎంత తెలివిగా కట్టినా ఆ తప్పు ఒక హద్దు కన్నా తగ్గదు. ఆ హద్దు ఎంతో ఆయన తేల్చారు. అసలు విశేషం అది పుట్టిన తీరు. కలకత్తా యూనివర్సిటీలో పాఠం చెప్తూ, పెద్ద నమూనాలకు ఈ రకం ఫలితం ఒకటి ఉందని చెప్పారు. మరి చిన్న నమూనాల మాటేమిటి అని క్లాసులో ఒక కుర్రవాడు లేచి అడిగాడు. రావు గారు ఇంటికెళ్ళి ఆ రాత్రి కూర్చుని తేల్చి, మర్నాడు వచ్చి చెప్పారు. అడిగిన కుర్రవాడు వి.ఎం. దండేకర్, తరవాత పూణేలో పేరుమోసిన ఆర్థికవేత్త అయినాయన.

పత్రంలో ఫలితం ఉంటుంది. ఈ ప్రశ్న సంగతి రావు గారిని కూర్చోబెట్టి అడిగినవాళ్ళ వల్ల మనదాకా వచ్చింది. ఆయనతో జరిపిన సంభాషణలు 1987లో ఒక శాస్త్ర పత్రికలో, మళ్ళీ 2003లో ఇంకొక పత్రికలో అచ్చయ్యాయి. 2023 ఆగస్టులో, 102 ఏళ్ళు దాటాక ఆయన పోయారు. చెప్పవలసింది చెప్పి పోయారు.

ఇక మన సంగతికి వద్దాం. ఆచార్యులు మనల్ని అసలు అడగలేదని కాదు. పచ్చయప్ప కాలేజీలో ఆచార్యులుగా చేసిన ఎన్.జి. రంగా గారు చేనేత ఆర్థిక స్థితి మీద 1930లోనే పుస్తకం వేశారు. ఢిల్లీ జె.ఎన్.యూ.లో చరిత్ర చెప్పిన విజయా రామస్వామి గారు మధ్యయుగాల దక్షిణాది నేతవాళ్ళ మీద 1985లో పుస్తకం రాశారు, తరవాత మన మగ్గం పాటల మీద కూడా రాశారు. వాళ్ళకు మనం రుణపడి ఉన్నాం. కాని అక్కడ మనం జాతిగా కనిపిస్తాం, కూలి రేటుగా కనిపిస్తాం. ఒక నేతగాని బతుకు మొదటినుంచి చివరిదాకా, రావు గారిని అడిగినట్టు అడిగింది చాలా తక్కువ.

ప్రభుత్వం మనల్ని లెక్కపెడుతుంది. 2009-10 చేనేత లెక్కల్లో నేతవాళ్ళూ అనుబంధ పనివాళ్ళూ కలిపి 43.31 లక్షలు, 2019-20లో 35.22 లక్షలు. ఇంటికొచ్చి మగ్గాలెన్ని, నూలెక్కడిది, రోజుకెంత వస్తుంది అని రాసుకుంటారు. అచ్చు అతకడం నీకు ఎవరు నేర్పారని అడగరు. తగ్గిన ఆ 8 లక్షల్లో ఎంతమంది మగ్గం దిగి వాచ్‌మన్ పనికి పోయారో, ఎంతమంది ఏం తెలుసో చెప్పకుండానే కాలం చేశారో ఆ కాగితంలో కనపడదు. ఆచార్యుణ్ణి అడగడానికి శిష్యులు ఉంటారు. నేతగాణ్ణి అడగవలసింది మనవడు. మనవడేమో బెంగళూరులో ఉంటాడు, పండక్కి రెండు రోజులు వస్తాడు.

ఆ రెండు రోజులు చాలు. ఫోన్లో రికార్డింగ్ నొక్కి పక్కన పెట్టండి. నీ జీవితం చెప్పు తాతా అంటే ఏమీ చెప్పరు, ఏముందిరా అంటారు. మా సొసైటీలో ఎనభై దాటిన ఒక పెద్దాయన మాతోనూ అదే అన్నారు. మొదటి పడుగు ఎవరి ఇంట్లో ఎక్కించావు, దాని కూలి ఎవరి చేతికి ఇచ్చారు అని అడిగాక గంటన్నర ఆపలేదు. అగ్గిపెట్టె అంత చెక్క ముక్క మీద గీసుకున్న అంచు లెక్క సంగతి ఆరోజే బయటపడింది, ఆయన కొడుక్కి కూడా తెలియదు. నాయనమ్మలను వేరేగా, మగవాళ్ళు లేనప్పుడు అడగండి. రంగుల పాళ్ళు, అప్పుల సంగతులు వాళ్ళకే బాగా గుర్తుంటాయి.

ఏ సంవత్సరం అంటే చెప్పలేరు. పెద్ద కూతురు పెళ్ళికి ముందా తరవాతా, ఊళ్ళోకి కరెంటు మగ్గం రాకముందా అని అడిగితే తేలుతుంది. బళ్ళారి వైపు మాటలో కన్నడం కలుస్తుంది, సోలాపూర్ మాటలో మరాఠీ, బరంపురం మాటలో ఒడియా, సేలం మాటలో తమిళం. రాసేటప్పుడు దాన్ని దిద్దకండి. మగ్గం సామాన్ల పేర్లు ఒక్కో ఊళ్ళో ఒక్కో రకం, వాళ్ళు ఏ పేరు చెప్తే అదే రాసి, పక్కన ఊరి పేరు వేసి సమాఖ్య ఆఫీసుకు పంపండి.